రహీం సాహెబు – గీతకు ఇవతల నిలబడ్డ మనిషి

ఆట చూసేవాళ్ళు రెండు రకాలు. గోల్ కొట్టినవాణ్ణి చూసి చప్పట్లు కొట్టేవాళ్ళు ఒక రకం. ఆ బంతి అసలు వాడి కాలి దగ్గరకు ఎట్లా వచ్చిందా అని చూసేవాళ్ళు రెండో రకం. ఈ రెండో రకంవాళ్ళు ఎప్పుడూ తక్కువే. అందుకే చరిత్రలో సగం పేర్లు మనకు తెలియకుండా పోయినయ్యి.

హాకీ సంగతే తీసుకోండి. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మనదేశం మొదటిసారి బంగారు పతకం గెలిచింది. అయిదు ఆటల్లో 29 గోల్స్ కొట్టారు మనవాళ్ళు. అందులో 14 ధ్యాన్‌చంద్‌వి. ఆయన పేరు చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. కాని ఆ అయిదు ఆటల్లో మన గోల్‌లోకి ఒక్కటంటే ఒక్క బంతి కూడా పోనియ్యని గోల్‌కీపర్ ఉన్నాడు. ఆయన పేరు రిచర్డ్ ఆలెన్. ఎంతమందికి తెలుసు? కొట్టిన 29 లెక్కలోకి వచ్చినయ్యి, పడకుండా ఆపినవి ఏ లెక్కలోకీ రాలేదు.

మన పల్నాడులో హాకీ కర్ర చూసినవాళ్ళే తక్కువ. మనకు వాలీబాల్, కబడ్డీ. అయినా న్యాయం ఒక్కటే. షాట్ కొట్టినవాడికి ఈలలు వేస్తాం, వాడికి బంతి సరిగ్గా ఎత్తిచ్చినవాణ్ణి పట్టించుకోం. మరి అట్లా ఎత్తిచ్చేవాళ్ళను తయారుచేసిన మనిషి సంగతి ఇంకెవరు పట్టించుకుంటారు? అటువంటి ఒక మహానుభావుడి జీవితాన్ని ఈ సంచికలో మిత్రులకు పరిచయం చెయ్యాలని నా కోరిక. ఆయన మన తెలుగు గడ్డ మీద పుట్టి, ఇక్కడే బడిపంతులుగా పనిచేసి, దేశం మొత్తానికి ఫుట్‌బాల్ పాఠం చెప్పినవాడు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్ళందరికీ రహీం సాహెబు.

రహీం సాహెబు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. చదువుకునే రోజుల్లోనే ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకుంది. యూనివర్సిటీ జట్టుకు ఆడారు, తర్వాత హైదరాబాదు క్లబ్బుల్లో ఆడారు. డిగ్రీ అయినాక బడిపంతులు ఉద్యోగంలో చేరారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పిల్లలకు పాఠాలు చెప్పారు. అటు తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని ఆటల పంతులయ్యారు.

ఇక్కడ ఒక్కమాట గమనించాలి. ఆయన కోచ్ కాకముందు ఉపాధ్యాయుడు. మంచి ఉపాధ్యాయుడికి ఒక గుణం ఉంటుంది. క్లాసులో మొదటి బెంచీవాడు ఎట్లాగూ చదువుకుంటాడు, వెనక బెంచీవాడికి ఎట్లా అర్థమవుతుందా అని ఆలోచిస్తాడు. రహీం సాహెబు జీవితమంతా మైదానంలో చేసింది కూడా ఇదే.

1943లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. అప్పట్లో దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. అక్కడి పెద్ద క్లబ్బులకు డబ్బు ఉంది, జనం ఉన్నారు, పత్రికలు ఉన్నాయి. హైదరాబాదులో ఉన్నది ఫతే మైదాన్ – దాన్నే ఇప్పుడు లాల్ బహదూర్ స్టేడియం అంటున్నాం – కాసిని మట్టి మైదానాలూ, వాటిల్లో ఉత్తకాళ్ళతో ఆడుకునే పేద కుర్రాళ్ళూ. ఆ కుర్రాళ్ళే రహీం సాహెబు పెట్టుబడి.

ఆయన పెట్టిన పోటీలు విన్నవాళ్ళకు వింతగా తోస్తాయి. డ్రిబ్లింగ్ చెయ్యకుండా ఆడే పోటీలు పెట్టారు. అంటే బంతిని కాలితో దొర్లించుకుంటూ నలుగుర్ని తప్పించి పోవటం నిషేధం, రాగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. బలహీనమైన కాలితో ఆడే పోటీలు కూడా పెట్టారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలి, ఎడమకాలి వాడు కుడికాలితో. మొదట్లో నవ్వులాటగా ఉన్నా దీని వెనక పెద్ద శాస్త్రం ఉన్నది.

సైన్సు విద్యార్థిని గనక ఇది లెక్కతో చెబుతాను. మంచి పరుగు ఉన్న ఆటగాడు సెకనుకు ఎనిమిది, తొమ్మిది మీటర్లు పోతాడు. అదీ ఉత్తచేతులతో పరిగెత్తితే. కాలిదగ్గర బంతి పెట్టుకుని పరిగెత్తితే ఇంకా తగ్గుతుంది. గట్టిగా తన్నిన బంతి సెకనుకు 20 మీటర్లు దాటిపోతుంది. బంతికి ఆయాసం రాదు. కాబట్టి మనిషి పరిగెత్తేకంటే బంతిని పరిగెత్తించటం మేలు. అప్పటి మనవాళ్ళకు బంతి దొరికితే చాలు, గారడీ చేసి జనం చేత ఆహా అనిపించుకోవాలన్న యావ. రహీం సాహెబు ఆ యావను చంపి, ఇచ్చిపుచ్చుకోవటం నేర్పారు. ఒక్కడి ఆటను పదకొండుమంది ఆట చేశారు. గోల్ కొట్టినవాడితోపాటు వాడికి బంతి ఇచ్చినవాడికీ విలువ కట్టిన ఆట అది.

1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బాధ్యత తీసుకున్నారు. పోలీసు కొలువులో ఉన్న మామూలు కుర్రాళ్ళ జట్టు అది. అదే ఏడు ఢిల్లీలో డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించి కప్పు ఎత్తుకొచ్చారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు గెలిచారు. డ్యూరాండ్ కప్పును మళ్ళీ 1954లో, 1957లో, ఆంధ్రప్రదేశ్ పోలీస్ అన్న పేరుతో 1961లో గెలిచారు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956, 1957 సంవత్సరాల్లో రెండుసార్లు తెచ్చుకుంది. కలకత్తా, బొంబాయి వాళ్ళు హైదరాబాదు పోలీసులొస్తున్నారంటే భయపడ్డారంటే అతిశయోక్తి కాదు.

ఈలోగా దేశపు జట్టు కూడా ఆయన చేతికి వచ్చింది. 1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగినయ్యి. ఫైనల్‌లో ఇరాన్ మీద మేవాలాల్ కొట్టిన ఒక్క గోల్‌తో మనదేశం బంగారు పతకం గెలిచింది. కెప్టెన్ శైలేన్ మన్నా.

గెలుపు తర్వాత దెబ్బ కూడా తగిలింది. 1952లో హెల్సింకి ఒలింపిక్స్. ఆ చలిదేశంలో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. యుగోస్లావియా 10–1తో ఓడించింది. నల్లరేగడిలో చినుకు పడితే ఉత్తకాలు ఎట్లా జారుతుందో మన రైతుబిడ్డలకు వేరే చెప్పనక్కర్లేదు. తడి పచ్చిక మీద మేకుల బూట్లు నేలను పట్టుకుంటాయి, ఉత్తకాలు పట్టుకోదు. ఎండిన గట్టినేల మీద ఉత్తకాలికి ఉన్న సుఖం అక్కడ అక్కరకు రాలేదు. ఆ ఓటమి తర్వాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆటగాళ్ళకు బూట్లు తప్పనిసరి చేసింది.

ఓడినప్పుడు రహీం సాహెబు చూసింది బూట్లు ఒక్కటే కాదు. ఆ రోజుల్లో హంగరీ జట్టు ప్రపంచాన్ని ఊపేస్తున్నది. వాళ్ళ ముందువరస ఆటగాడు ఒకడు వెనక్కు దిగి ఆడేవాడు. వాణ్ణి ఎవరు కాపలా కాయాలో ఎదుటి జట్టుకు తోచేది కాదు. రహీం సాహెబు దాన్ని శ్రద్ధగా గమనించి మన ఆటగాళ్ళకు తగ్గట్టు మలుచుకున్నారు. పది గోల్స్ పడినాక మంచం ఎక్కేవాళ్ళుంటారు, పుస్తకం తెరిచేవాళ్ళుంటారు. ఆయన రెండో కోవ మనిషి.

ఆ కష్టానికి ఫలితం నాలుగేళ్ళకు వచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్. మొదట మనకు ఎదురు రావలసిన హంగరీ తన దేశంలోని కల్లోలం వల్ల తప్పుకుంది. డిసెంబరు 1న ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాతో ఆట. మనవాళ్ళు 4–2తో గెలిచారు. బొంబాయికి చెందిన నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒకే ఆటలో మూడు గోల్స్ కొట్టిన మొదటి ఆసియావాసి అతనే. సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు కూడా మనదే. నాలుగేళ్ళ క్రితం పది గోల్స్ కొట్టిన యుగోస్లావియాతోనే మళ్ళీ తలపడ్డారు. ముందు గోల్ కొట్టింది మనమే! తర్వాత 4–1తో ఓడిపోయినా అది వేరే ఓటమి. కంచు పతకం ఆటలో బల్గేరియా చేతిలో 3–0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచారు. ఈనాటివరకూ మన ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లో అంతకుమించిన మెట్టు ఎక్కలేదు.

నెవిల్ డిసౌజా పేరు రికార్డుల్లో ఉంది, సంతోషం. కాని ఆ జట్టులో హైదరాబాదు మైదానాల్లో పెరిగినవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూడండి. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం. వీళ్ళల్లో ఎక్కువమంది వెనకవరసల్లో, మధ్యవరసల్లో ఆడినవాళ్ళు. ఎదుటివాడి కాలినుంచి బంతి లాక్కుని ముందుకు అందించటం వాళ్ళ పని. నూర్ మహమ్మద్ 1952లోనూ 1956లోనూ ఒలింపిక్స్ ఆడాడు. ఫతే మైదాన్ జనానికి వీళ్ళంటే ప్రాణం. మిగతా దేశానికి వీళ్ళ పేర్లు కూడా నోటికి రావు.

వీళ్ళల్లో తులసీదాస్ బలరాం కథ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సికిందరాబాదు పక్కన అమ్ముగూడలో బీద కుటుంబంలో పుట్టాడు. అతని ఆట రహీం సాహెబు కంట్లో పడింది. నగరంలోకి వచ్చి సాధన చెయ్యమని పిలిచారు. కాని అంతదూరం రావటానికి కుర్రాడి దగ్గర డబ్బుల్లేవు. రహీం సాహెబు అద్దె సైకిలుకు డబ్బు తానే ఇచ్చి రప్పించారు. చూడండి, సైకిలు అద్దె ఎంతలో ఉంటుంది? ఆ కాస్తా దొరక్కపోతే దేశానికి ఒక బలరాం దొరికేవాడు కాదు. మన ఊళ్ళల్లో బస్సుపాసు లేక చదువు మానినవాళ్ళు, ఒక్క దరఖాస్తు ఫీజు కట్టలేక ఆగిపోయినవాళ్ళు లేరా? ప్రతిభ కొరత మనకు ఎప్పుడూ లేదు. అద్దె సైకిలు ఇప్పించే రహీం సాహెబులే కొరత.

1960 రోమ్ ఒలింపిక్స్‌కు కూడా ఆయనే కోచ్. కఠినమైన గుంపులో పడ్డాం. హంగరీతో 2–1తో ఓడాం, ఫ్రాన్సుతో 1–1తో సమంగా నిలిచాం, పెరూతో 3–1తో ఓడాం. హంగరీ మీదా పెరూ మీదా మన గోల్స్ బలరామే కొట్టాడు. ఫ్రాన్సు మీద కొట్టినవాడు కెప్టెన్ పి.కె. బెనర్జీ. ఎనిమిదేళ్ళ కిందట పది గోల్స్ తిన్న దేశం ఐరోపా జట్లతో భుజం భుజం కలిపి నిలబడిందంటే దాని వెనక ఎంత శ్రమ ఉండాలి!

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే రహీం సాహెబుకు ఊపిరితిత్తుల కాన్సర్. ఆయన బాగా సిగరెట్లు కాల్చే మనిషి. పదిమంది ఊపిరిని బలపరచటమే పనిగా పెట్టుకున్నవాడు తన ఊపిరిని కాపాడుకోలేకపోయాడు. ఇది దాచిపెట్టవలసిన సంగతి కాదు, మనం నేర్చుకోవలసిన సంగతి.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2–0తో ఓడించింది. తర్వాత మనవాళ్ళు థాయ్‌లాండ్‌ను 4–1తో, జపాన్‌ను 2–0తో గెలిచారు. కాని దెబ్బలు తగిలినయ్యి. వెనకవరసలో కొండలా నిలబడే జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడినయ్యి. త్రిలోక్ సింగ్ కాలికి దెబ్బ. గోల్‌కీపర్ తంగరాజ్‌కు జ్వరం. ఈ పరిస్థితిలో ఇంకొకరైతే చేతులెత్తేసేవారు. రహీం సాహెబు బుర్ర అప్పుడే బాగా పనిచేసింది. తలకు దెబ్బ తగిలినవాణ్ణి వెనక పెడితే బంతిని తలతో ఆపక తప్పదు. కనక జర్నైల్ సింగ్‌ను ముందువరసకు పంపారు. అక్కడ తల వాడాలా వద్దా అన్నది అతని ఇష్టం. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంను 3–2తో గెలిస్తే అందులో ఒక గోల్ జర్నైల్ సింగ్‌ది.

సెప్టెంబరు 4న ఫైనల్. మళ్ళీ దక్షిణ కొరియాయే. మైదానంలో లక్షమంది జనం. వాళ్ళంతా మనకు వ్యతిరేకులు. ఎందుకంటే ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్ళను ఇండోనేసియా రానివ్వలేదని మన క్రీడా ప్రతినిధి సోంధీగారు అభ్యంతరం చెప్పారు. దాంతో అక్కడి జనానికి కోపం వచ్చి మన రాయబార కార్యాలయం మీదకు కూడా పోయారు. మన జాతీయ గీతం వస్తుంటే గోల చేశారు. ఆ లక్షమందిలో మనకు చప్పట్లు కొట్టినవాళ్ళు ఎవరో తెలుసా? పాకిస్తాన్ హాకీ జట్టు ఆటగాళ్ళు! మైదానంలో మనకు బద్ధశత్రువులనుకునేవాళ్ళు ఆరోజు మనవైపు నిలిచారు. ఆటకు ఉన్న గొప్పతనం ఇది.

ఫైనల్‌కు ముందు రహీం సాహెబు తన కుర్రాళ్ళను దగ్గరకు పిలిచి, తనకోసం ఒక కానుక ఇమ్మని అడిగారట. ఆ కానుక బంగారు పతకం. జ్వరం నుంచి లేచిన తంగరాజ్‌ను గోల్‌లో నిలబెట్టారు. పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ గోల్ కొట్టాడు. మరి మూడు నిమిషాలకు తలకు కట్టుతో ఉన్న జర్నైల్ సింగ్ రెండోది కొట్టాడు. చివర్లో కొరియావాళ్ళు ఒకటి తిరిగి ఇచ్చినా 2–1తో మనదే గెలుపు. కెప్టెన్ చునీ గోస్వామి పతకం అందుకున్నాడు. గురువుకు కానుక ముట్టింది. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ బంగారు పతకం మళ్ళీ మనకు రాలేదు.

తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1963 జూన్ 11న, రహీం సాహెబు కన్నుమూశారు. వయసు 53 సంవత్సరాలు. అర్జునులకు అవార్డులు 1961లోనే మొదలయ్యాయి. ద్రోణుల పేరుతో అవార్డు పెట్టటానికి మన ప్రభుత్వానికి 1985 దాకా పట్టింది. అప్పటికి ఆయన పోయి 22 ఏళ్ళు. ఆయన శిష్యుల్లో చునీ గోస్వామికి 1983లో, పి.కె. బెనర్జీకి 1990లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ళిద్దరితో సమానంగా ముందువరసలో ఆడిన మన బలరాంకు రాలేదు. ఊపిరితిత్తుల జబ్బుతో చిన్నవయసులోనే ఆట మానుకున్న బలరాం 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. రహీం సాహెబు కుమారుడు హకీం కూడా రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడు, తర్వాత అంతర్జాతీయ రిఫరీ. ఆయనకు 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు ఇచ్చారు, 2021లో చనిపోయారు. 2024లో రహీం సాహెబు మీద మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది. దేశంలో చాలామంది ఆయన పేరు వినటం అదే మొదలు. మనిషి పోయిన 61 ఏళ్ళకు!

ఆయన పోయినాక హైదరాబాదు ఫుట్‌బాల్ కూడా మెల్లమెల్లగా చిక్కిపోయింది. మంచి ఆటగాళ్ళు కలకత్తా క్లబ్బులకు పోవటం మామూలైంది. ఒక్కమనిషి పోతే ఇంత పోతుందా అని సందేహం రావచ్చు. పత్తిచేలో పూతా కాయా అందరికీ కనపడతాయి. వేరుకుళ్ళు వచ్చిన మొక్క వాడిపోయినప్పుడుగాని కింద వేరు ఉందని గుర్తుకురాదు. రహీం సాహెబు అటువంటి వేరు.

ఆయన జీవితంనుంచి మనం తీసుకోవలసింది ఏమిటి? ఆయన విగ్రహం పెట్టమని నేను అడగటం లేదు. మన విద్యార్థి సంఘానికి ఒక చిన్న మనవి. ప్రతి సంవత్సరం ఆటల పోటీల్లో ఉత్తమ ఆటగాడికి కప్పు ఇస్తున్నాం. దానితోపాటు ఎక్కువసార్లు పక్కవాడికి బంతి అందించినవాడికి కూడా ఒక బహుమతి పెడదాం. ఏడాదికి ఒక్కసారి, మొదటి సంవత్సరం పిల్లలకు, బలహీనమైన చేత్తో ఆడే వాలీబాల్ పోటీ పెడదాం. నవ్వుకుంటూనే నేర్చుకుంటారు. దీనికి ఖర్చేమీ లేదు. లెక్చరర్లు, పూర్వ విద్యార్థులు కూడా సాయం చెయ్యదలిస్తే, ఆటల్లోగాని చదువులోగాని అద్దె సైకిలు దగ్గర ఆగిపోయే కుర్రాడు మన కాలేజీలో ఎవరున్నాడో వెతకండి. తప్పకుండా ఒకడైనా ఉంటాడు.

గోల్ కొట్టేవాళ్ళు కావాలి, కాదనను. అయితే రికార్డు పుస్తకంలో కొట్టినవాళ్ళ పేర్లకు ఎట్లాగూ చోటు ఉంటుంది. అందించినవాళ్ళ పేర్లు, నేర్పినవాళ్ళ పేర్లు మాత్రం చూసినవాళ్ళు చెబితేనే నిలుస్తాయి. మనం ఆట చూసేటప్పుడు రెండో రకం ప్రేక్షకులుగా ఉందాం.

– ద్వితీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి